ఉన్నత విద్యలో యంత్రమూ వాక్యమూ

కోఠిలో పాత పుస్తకాల అంగళ్ళు తిరిగే అలవాటున్న వాళ్ళకు నేను చెప్పేది కొత్త కాదు. అక్కడ ఒక సాయంత్రం డిగ్రీ తరగతుల అర్థశాస్త్ర పుస్తకం ఒకటి, తెలుగులో అచ్చయినది, కొన్నాను. నాకంటే ముందు దానికి కనీసం ఇద్దరు యజమానులున్నట్టు అట్ట లోపలి సంతకాలే చెబుతున్నాయి. 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అన్న శీర్షిక పక్కన వాళ్ళలో ఒకరు పెన్సిలుతో "అంటే?" అని రాసుకున్నారు. ఆ పేజీలో నిర్వచనం ఉంది, పట్టిక ఉంది, రేఖాపటం ఉంది, సూత్రానికి గల పరిమితులు కూడా వరసగా ఉన్నాయి. "అంటే?" అని అడిగిన విద్యార్థికి మాత్రం జవాబు లేదు.

ఉన్నత విద్యలో బోధనకు తోడ్పడే సాంకేతిక సాధనాలను గురించి, వాటిని ప్రణాళికాబద్ధంగా పెంపొందించడాన్ని గురించి ఈ మధ్య చాలా వినబడుతున్నది. ఆ చర్చను ఉపగ్రహంతోనో కంప్యూటరుతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఈ పెన్సిలు ప్రశ్నతో మొదలుపెడతాను. ఎందుకంటే నా దృష్టిలో బోధనాసాధనం అనేదానికి రెండు పరీక్షలు మాత్రమే ఉన్నాయి. పాఠం విద్యార్థికి అర్థమయ్యే వాక్యంగా చేరుతున్నదా? అర్థం కానప్పుడు అతని ప్రశ్న తిరిగి పాఠం రాసినవాడి దాకా పోతున్నదా? ఈ రెండూ జరిగితే అచ్చుకాగితం కూడా గొప్ప సాధనమే. జరగనప్పుడు ఆకాశంలో ఎన్ని ఉపగ్రహాలున్నా అవి ఖర్చు పద్దులో చేరవలసినవే.

మన అభ్యుదయ శిబిరంలో ఈ విషయం మీద రెండు ధోరణులున్నాయి. యంత్రం రావడమే అభివృద్ధి అని నమ్మే ధోరణి ఒకటి. యంత్రం పెట్టుబడిదారు చేతిది గనక తరగతి గదిలోకి రానివ్వకూడదనేది రెండవది. మొదటి వాళ్ళకు చరిత్ర పట్టదు. రెండవ వాళ్ళకు చరిత్ర తెలుసు గాని, అచ్చుయంత్రం కూడా ఒకప్పుడు అట్లాగే వచ్చిందన్న సంగతి మరిచిపోతారు. ఇద్దరూ యంత్రాన్నే చూస్తున్నారు, పాఠాన్ని చూడడం లేదు. అందువల్ల మన ఊళ్ళో, మన రాష్ట్రాలలో గత నూరేళ్ళుగా జరిగిన ప్రయత్నాలను వరసగా పరిశీలించడం ఉపయోగం.

మొదటిది ఉస్మానియా. 1918లో నిజాం ఫర్మానా మీద ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య చెప్పాలని సంకల్పించింది. ఇక్కడ గమనించవలసింది పనుల వరస. విశ్వవిద్యాలయం ఏర్పడక ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి మొదటి అధిపతి. తరగతులు 1919లో మొదలయినాయి, మొదట చేరినవాళ్ళు 225 మంది. అంటే పుస్తకాల పని ముందు, తరగతులు తర్వాత. ఈ క్రమం మనకు ఆ తర్వాత నూరేళ్ళలో చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఇంకొక విశేషం సాహిత్యకారులకు సంబంధించినది. ఆ శాఖలో శాస్త్రజ్ఞులను మాత్రమే కూర్చోబెట్టలేదు. భాష తెలిసిన వాళ్ళనూ, కవులనూ కూర్చోబెట్టారు. జోష్ మలీహాబాదీ 1920లలో అక్కడ చేరి కొన్నేళ్ళు పనిచేశాడు. పారిభాషిక పదాలను ఎట్లా తయారు చెయ్యాలన్న దాని మీద వహీదుద్దీన్ సలీం ఒక పూర్తి గ్రంథమే రాశాడు, 1921లో. రసాయనశాస్త్రం పాఠం కూడా గద్యమేననీ, గద్యం రాయడం వచ్చినవాడు దాన్ని చూడాలనీ వాళ్ళకు తెలుసు. మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

అయితే ఇంత చక్కని ప్రణాళిక ఎవరి కోసం? హైదరాబాదు సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. మరాఠీలు, కన్నడిగులు తక్కిన వాళ్ళలో పెద్ద భాగం. ఉర్దూ ప్రభుత్వ భాష, నగరపు భాష. తెలంగాణా పల్లెలో పుట్టిన రైతుబిడ్డకు ఉస్మానియా రసాయనశాస్త్ర గ్రంథం లండనులో అచ్చయినంత దూరంలోనే ఉండేది. ఉస్మానియాను తలుచుకుని నిట్టూర్చేవాళ్ళు ఈ సంగతి దాటవేస్తారు. దాన్ని భూస్వామ్య ప్రభుత్వం పని అని కొట్టేసేవాళ్ళు మొదటి సంగతి దాటవేస్తారు. పద్ధతి సరైనది, ప్రజలు తప్పినారు. 1948 తర్వాత చేసిన దిద్దుబాటు ఇంకా విచిత్రం. ఉర్దూను తీసి తెలుగును పెట్టలేదు. ఇంగ్లీషును పెట్టారు. ముప్పై ఏళ్ళలో కూడబెట్టిన పద్ధతిని, అనుభవాన్ని, మరొక భాషలోకి మార్చుకునే అవకాశం ఉండగానే చేజార్చుకున్నాం.

తెలుగులో ఆ పని చేసినవాళ్ళు లేకపోలేదు. సర్కారు డబ్బు లేకుండా చేశారు. కోఠికి కూతవేటు దూరంలో, సుల్తాన్‌బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న వెలసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రలు, ప్రకృతి శాస్త్రాలు తెలుగులో అచ్చువేయడం మొదలుపెట్టారు. రెండేళ్ళలో అది మద్రాసుకు తరలిపోయింది. ఒక చోట రాజాదరణ ఉండి ప్రజల భాష లేదు, మరొక చోట ప్రజల భాష ఉండి ఆదరణ లేదు. ఈ రెండూ ఒకే నగరంలో, పన్నెండేళ్ళ ఎడంతో, ఒకటి రెండు మైళ్ళ దూరంలో జరిగాయి.

రెండూ కలిసే అవకాశం 1968లో వచ్చింది. విశ్వవిద్యాలయ స్థాయి గ్రంథాలను ప్రాంతీయ భాషలలో తయారు చేయడానికి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రానికి కోటి రూపాయల చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. ఆ సంవత్సరం ఆగస్టులో తెలుగు అకాడమీ ఏర్పడింది. పి.వి. నరసింహారావు దానికి 1974 వరకు అధ్యక్షుడు. 1970లలో ఇంటర్మీడియట్‌లో, డిగ్రీలో తెలుగు మాధ్యమం విస్తరించిందంటే అందుకు ప్రధాన కారణం అకాడమీ పుస్తకాలే. దాన్ని కాదనేవాడు కృతఘ్నుడు. పల్లెల నుంచి వచ్చిన రెండు మూడు తరాల విద్యార్థులు చరిత్రా రాజనీతీ జంతుశాస్త్రమూ ఆ పుస్తకాలలోనే చదువుకున్నారు. ఈనాటికీ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు ఆ పాత ముద్రణల కోసం వెతుకుతూనే ఉన్నారు.

ఇక విమర్శ. నేను కొన్న పుస్తకం ఏ సంస్థ అచ్చువేసిందో ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే ఆ రకం గద్యం ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. దాని మాదిరి వాక్యం ఒకటి నేనే తయారుచేసి చూపిస్తాను: "ఒక వస్తువు యొక్క వినియోగము పెరుగుచున్న కొలది, ఆ వస్తువు యొక్క అదనపు యూనిట్ల నుండి వినియోగదారునిచే పొందబడు ఉపాంత ప్రయోజనము క్షీణించును." ఇది తప్పు వాక్యం కాదు. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కాని దీన్ని చదివినవాడికి ఏం తెలిసింది?

తప్పు పారిభాషిక పదానిదే అని మనవాళ్ళు సాధారణంగా అంటారు. సంస్కృత పదాలు పెట్టి చంపారు, ఇంగ్లీషు మాటే ఉంచితే పోయేది అంటారు. ఈ ఆరోపణతో నేను ఏకీభవించను. 'కిరణజన్య సంయోగక్రియ' అనేది నోరు తిరగని మాట అని నవ్వుతారు గాని, పల్లెటూరి బడిలో పదేళ్ళ పిల్ల దాన్ని గుక్కతిప్పుకోకుండా చెబుతుంది, ఆకుకూ ఎండకూ సంబంధించినదని కూడా చెబుతుంది. 'త్వరణం', 'జడత్వం' చాలా మంచి మాటలు. 'ఉపాంతం' కూడా మంచి మాటే: అంచుకు దగ్గరిది, చివరగా వచ్చి చేరినది. ఇంగ్లీషులో చదివే విద్యార్థికి 'మార్జినల్' అన్న మాట పుట్టుకతో తెలిసిందేమీ కాదు. అతనికీ ఎవరో చెప్పాలి.

తప్పు ఎక్కడుందంటే, ఆ 'యొక్క'లో, ఆ 'పొందబడు'లో ఉంది. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని మాటకు మాట దించిన పోకడ అది. తెలుగులో ఎవడూ ప్రయోజనాన్ని 'పొందబడనివ్వడు'. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది: తెలిసినదాని నుంచి తెలియనిదాని దాకా వేయవలసిన వంతెన లేదు. ఎండన పడి వచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చారు. మొదటి గ్లాసుకు ప్రాణం లేచి వస్తుంది. రెండోది బాగుంటుంది. మూడోది మర్యాద కోసం తాగుతాడు. నాలుగోది ఇస్తే వద్దంటాడు. చివరగా తాగిన ఆ ఒక్క గ్లాసు వల్ల కలిగిన తృప్తికే ఉపాంత ప్రయోజనమని పేరు, అది తగ్గుతూ పోవడమే ఈ సూత్రం. ఇంతవరకు చెప్పిన తర్వాత నిర్వచనం ఎంత బిగువుగా ఉన్నా విద్యార్థి తట్టుకుంటాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న కూడా అడగగలుగుతాడు: డబ్బుకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందా, వర్తిస్తే కోటీశ్వరుడి చివరి వెయ్యి రూపాయలూ కూలివాడి వెయ్యి రూపాయలూ ఒకటేనా? అర్థశాస్త్రం పాఠం అక్కడ ప్రాణం పోసుకుంటుంది. పాఠ్యగ్రంథాలు ఆ గుమ్మం దాకా తీసుకువచ్చి వదిలేస్తాయి.

మన భాషకు శాస్త్రం చెప్పే శక్తి లేదనేవాళ్ళు కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలు చదివి ఉండరు. ఆయన భౌతికశాస్త్రం చదువుకున్నవాడు, 1952 నుంచి 1980లో చనిపోయేవరకు 'చందమామ'లో పనిచేసినవాడు. పసివాడికి కథ చెప్పే వాక్యంతోనే పెద్దవాడికి విశ్వం గురించి చెప్పవచ్చునని రుజువు చేశాడు. ఉస్మానియా అనువాద శాఖలో కవికి చోటు దొరికింది. మన పాఠ్యగ్రంథ సంఘాలలో అటువంటి వాక్యనిర్మాతలకు ఏ స్థానం దొరికిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. విషయ నిపుణుడు రాస్తాడు, మరొక విషయ నిపుణుడు పరిష్కరిస్తాడు, పుస్తకం వస్తుంది. పరిష్కర్త తప్పులు దిద్దుతాడు గాని "అంటే?" అని అడగడు. అది అతనికి ముందే తెలుసు గనక అడగలేడు కూడా.

ప్రసంగవశాన ఒక సంగతి. 2021లో తెలుగు అకాడమీ బ్యాంకు డిపాజిట్లలో దాదాపు 64 కోట్ల రూపాయలు మోసగాళ్ళు కాజేశారని బయటపడింది, అరెస్టులు జరిగాయి. పత్రికలన్నీ దొంగల చాకచక్యం గురించి రాశాయి. నాకు తోచిన ప్రశ్న వేరు: పాఠ్యపుస్తకాలు తయారు చేయడానికి పుట్టిన సంస్థలో అన్ని కోట్లు బ్యాంకులో నిద్రపోతుంటే, కోఠి అంగట్లో ముప్పై ఏళ్ళ నాటి ముద్రణ కోసం విద్యార్థులు ఎందుకు వెతుక్కోవాలి?

మన రాష్ట్రంలో బోధనాసాధనాల ప్రణాళిక అన్న మాటకు అన్ని విధాలా తగినది ఒక్కటే కనిపిస్తుంది. అది 1982 ఆగస్టులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో అది మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపాధ్యక్షుడు జి. రామిరెడ్డి అంతకుముందు ఉస్మానియాకు ఉపాధ్యక్షుడు. ఆ తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన ముందున్న నమూనా బ్రిటనుది. అక్కడ 1963లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ 'ఆకాశ విశ్వవిద్యాలయం' అన్న ఆలోచన ప్రకటించాడు. స్కాట్లండు గనికార్మికుడి కూతురు జెన్నీ లీ మంత్రిగా దాన్ని పట్టుబట్టి సాధించింది. 1971లో పాఠాలు మొదలయినాయి. లోకం దాన్ని టెలివిజను విశ్వవిద్యాలయమనుకుంది గాని, దాని బలం టెలివిజనులో లేదు. పాఠాన్ని ఒక్కడు రాయడు, ఒక బృందం రాస్తుంది. రాసిన చిత్తుప్రతిని బృందంలోని వాళ్ళే నిర్దాక్షిణ్యంగా విమర్శిస్తారు. కొన్ని పాఠాలను ముందుగా మామూలు మనుషుల చేత చదివించి, వాళ్ళు ఆగిపోయిన చోట తిరగరాస్తారు. బోధనలో సాంకేతికత అంటే అసలు అర్థం ఇదీ.

హైదరాబాదు వాళ్ళు అందులో చాలా భాగం గ్రహించారు. ఇంటర్మీడియట్ లేకపోయినా ప్రవేశపరీక్ష రాసి డిగ్రీలో చేరే మార్గం తెరిచారు. దానితో బస్సు కండక్టరూ, గుమాస్తా, పెళ్ళితో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళూ చేరగలిగారు. పాఠం తెలుగులో ముక్కలు ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క ముందు అది ఏం చెప్పబోతున్నదో చెప్పి, మధ్యలో ఆగి ప్రశ్న వేసి, చివర జవాబు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒక సాహిత్య ప్రక్రియగా దీన్ని ఎవరూ పరిశీలించలేదు, పరిశీలించవలసింది. తెలుగు పాఠ్యగ్రంథం అందులో చదివేవాణ్ణి 'మీరు' అని పలకరించింది. ఒంటరిగా, రాత్రి పనులయిపోయాక, అడగడానికి పక్కన ఎవరూ లేకుండా చదివే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన గద్యం అది. అన్ని పాఠాలూ ఆ ఆదర్శాన్ని అందుకోలేదు. చాలా వాటిలో పలకరింపు పైపైన ఉండి, లోపల పాత 'యొక్క'లే ఉన్నాయి. కాని ఆకృతి సరైనది.

దానికి తోడు ఆకాశవాణి పాఠాలు, వాటికంటే ముఖ్యంగా అధ్యయన కేంద్రాలు. ఊరిలో ఉన్న ప్రభుత్వ కళాశాలే సెలవురోజున సార్వత్రిక విశ్వవిద్యాలయం అవుతుంది. కొత్త భవనం లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న గదిని, ఉన్న అధ్యాపకుణ్ణి, ఖాళీగా ఉన్న ఆదివారాన్ని ఉపయోగించుకున్నారు. ఉపన్యాసానికి కాక, సందేహాలు అడగడానికి ఆ గంటలు కేటాయించారు. నా రెండవ పరీక్ష, ప్రశ్న తిరిగి పోయే దారి, కొంతవరకు నెగ్గింది ఇక్కడే. కొంతవరకే. ఎందుకంటే ఆదివారం గదిలో అడిగిన ప్రశ్న ఆ గదిలోని అధ్యాపకుడి దగ్గర ఆగిపోయేది. పాఠం రాసినవాడి బల్ల మీదికి వెళ్ళి మరుసటి ముద్రణలో వాక్యంగా మారే ఏర్పాటు బలపడలేదు.

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ ఒకే తరగతి గది అన్న పేరుతో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా దూరదర్శన్‌లో పాఠాలు ప్రారంభించింది. హైదరాబాదులో కూడా కార్యక్రమ నిర్మాణ కేంద్రాలు వెలిశాయి. కొన్ని చిత్రాలు నిజంగా బాగుండేవి. నేను చూసినవాటిలో పురుగుల జీవితం మీద ఒకటి ఇప్పటికీ గుర్తుంది. కాని భాష ఇంగ్లీషు, వేళ పగటిపూట, చూడవలసిన విద్యార్థి ఆ వేళకు తరగతిలోనో పనిలోనో ఉన్నాడు. అడగడానికి ఏ దారీ లేదు. బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1932లోనే రేడియో గురించి ఒక మాట అన్నాడు. రేడియో మనుషులకు వినిపించడం మాత్రమే చేస్తున్నదనీ, మనుషుల చేత మాట్లాడించడం కూడా చేసినప్పుడే అది ప్రజల సాధనమవుతుందనీ ఆయన వాదం. ఈ మాట మన ప్రణాళికలు వేసినవాళ్ళెవరి చెవినా పడలేదు. 2004 సెప్టెంబరులో ఎడ్యుశాట్ అని విద్య కోసమే ఒక ఉపగ్రహాన్ని పంపారు. మన రాష్ట్రంలో మన టీవీ వచ్చింది. 2017లో అది తెలంగాణలో టి-శాట్ అయింది. తెలుగులో చెప్పడం ముందడుగే. ప్రసారం మాత్రం ఇంకా పైనుంచి కిందికే.

ఒక మిత్రుడు, జిల్లా కేంద్రంలో అధ్యాపకుడు, నాతో అన్నాడు: "మా కాలేజీకి డిష్షు వచ్చింది, తెర వచ్చింది, తాళం కూడా వచ్చింది. తాళంచెవి ప్రిన్సిపాలు గారి దగ్గర ఉంది." అది ఏ కాలేజీ అన్నది ముఖ్యం కాదు. యంత్రం కొనడానికి పద్దు ఉంటుంది, దాన్ని ఉపయోగించే అధ్యాపకుడి సమయానికి పద్దు ఉండదు. అధ్యాపకుల ఖాళీలు ఏళ్ళ తరబడి నింపకుండా, ఒప్పంద అధ్యాపకుడి చేత గంటల లెక్కన పని చేయించుకుంటూ, పాఠాలు తెర మీద వస్తాయి గదా అనడం ప్రణాళిక కాదు. తెరను అధ్యాపకుడికి సాయంగా తెచ్చినవాళ్ళు వేరు, బదులుగా తెచ్చినవాళ్ళు వేరు.

2020 మార్చిలో కరోనా వచ్చి కళాశాలలు మూసేసినప్పుడు ఈ నిర్మాణమంతా ఒక్కసారిగా పరీక్షకు నిలబడింది. అప్పటికి చేతిలో ఉన్న జాతీయ నమూనా సర్వే, 2017-18 నాటిది, ఏం చెబుతున్నదంటే, దేశంలో గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఈ అంకెలు ప్రభుత్వానివే. అయినా పాఠాలు ఆన్‌లైన్‌లో జరిగిపోయాయని లెక్క రాసుకున్నారు. హాస్టలు మూతపడి ఊరికి పోయిన విద్యార్థి చేనుగట్టు మీద సిగ్నలు వెతుక్కున్నాడు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది అన్నకు పోయిందా చెల్లెలికి పోయిందా అన్న ప్రశ్నకు జవాబు మనకందరికీ తెలుసు. అంతకు నాలుగేళ్ళ ముందే, 2016లో, తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలన్నీ 'దోస్త్' పేరుతో ఆన్‌లైన్ చేశారు. అది పారదర్శకతకు కొంత మేలు చేసిందనే ఒప్పుకుందాం. కాని విద్యార్థిని లెక్కపెట్టే యంత్రం మనకు ఎంత చురుకుగా వచ్చిందో, విద్యార్థికి చెప్పే సాధనం అంత చురుకుగా రాలేదన్నది గమనించాలి.

ఆ మరుసటి సంవత్సరం, 2021లో, ఒకదానికొకటి పొసగని రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగును తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలలో చెప్పడానికి కొన్ని కళాశాలలకు అనుమతి ఇచ్చింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కళాశాలలలో ఇక ఇంగ్లీషు మాధ్యమమే అని ప్రకటించింది. ఒక చేత్తో తలుపు తెరిచి ఇంకొక చేత్తో మూశారు. తెరిచిన తలుపు దగ్గర పుస్తకాలు లేవు. వాటిని యంత్రం చేత అనువదింపజేస్తామన్నారు, అందుకు ఒక అనువాద సాధనం కూడా తయారయింది.

యంత్రానువాదాన్ని చూసి మనవాళ్ళు నవ్వుతున్నారు. నేను నవ్వలేను. 'యొక్క'లతో, 'చేయబడినది'లతో నిండిన ఆ వాక్యాలు యంత్రం స్వయంగా కల్పించినవి కావు. యాభై ఏళ్ళుగా మనం అచ్చువేసినదాన్నే అది నేర్చుకుని మనకు అప్పగిస్తున్నది. నాకు దానితో పేచీ లేదు. చిత్తుప్రతి చేయడానికి అది పనికివస్తుంది, వేల పేజీల శ్రమ తగ్గిస్తుంది. పేచీ ఎక్కడంటే, చిత్తుప్రతినే పుస్తకమనడంలో. మజ్జిగ గ్లాసు ఉదాహరణ ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషికి జీతం ఇవ్వకుండా తప్పించుకోవడానికి యంత్రాన్ని అడ్డం పెట్టుకోవడంలో.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవలసిన అభ్యంతరం ఒకటుంది. దళిత విద్యార్థులు, వెనుకబడిన కులాల విద్యార్థులు చాలామంది అంటున్నారు: మీరు మీ పిల్లలను ఇంగ్లీషులో చదివించి మాకు తెలుగు గొప్పదని చెబుతున్నారు. ఈ మాటలో కోపమూ ఉంది, న్యాయమూ ఉంది. ఉద్యోగం ఇంగ్లీషులో ఉన్నంతకాలం తెలుగులో చదువుకోమని ఉపదేశించే హక్కు మనకు లేదు. కాని తరగతిలో జరుగుతున్నదేమిటి? పుస్తకం ఇంగ్లీషు, వివరణ తెలుగు, పరీక్షకు కంఠస్థం చేసిన ఇంగ్లీషు. విద్యార్థికి ఇంగ్లీషూ రాలేదు, విషయమూ రాలేదు. ఇంగ్లీషు నేర్పవద్దని నేననను, ఇంకా బాగా నేర్పాలి. విషయం అర్థం కావడానికి మాత్రం అర్థమయ్యే భాషలో పాఠం పక్కన ఉండాలి. ఈ రెంటినీ పోటీగా నిలబెట్టినవాళ్ళు రెంటినీ ఎగవేస్తున్నారు.

ప్రణాళికలు లేనిచోట విద్యార్థులు ఏం చేసుకుంటారో చూడాలంటే చిక్కడపల్లి, అశోక్‌నగర్ వెళ్ళాలి. నగర కేంద్ర గ్రంథాలయం తెరవకముందే వచ్చి చోటు పట్టుకునే వాళ్ళు, నెలకింత అని అద్దె కట్టి చదువుకునే గదుల్లో బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు, జిరాక్సు దుకాణాల్లో చేతిరాత నోట్సు కట్టలు కొనేవాళ్ళు. వీళ్ళు డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు. డిగ్రీలో అర్థంకాని ఆర్థికవ్యవస్థనూ రాజ్యాంగాన్నీ ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్నారు. అంటే కళాశాల చెయ్యవలసిన పని రెండోసారి, డబ్బు పెట్టి, అంగట్లో జరుగుతున్నది. అక్కడి నోట్సు గద్యం చాలామట్టుకు ఎండుకట్టె, సంవత్సరాలూ పేర్లూ బిట్లూ. అయినా పాఠ్యగ్రంథంలో లేనిది అక్కడ ఒకటుంది. టీకొట్టు దగ్గర నిలబడి ఒకడు "అంటే ఏందన్నా?" అని అడుగుతాడు, రెండోవాడు తన ఊరి సంగతి ఒకటి తీసి చెబుతాడు. ద్రవ్యోల్బణం మీద నేను విన్న అతి మంచి వివరణ ఒకటి అట్లా విన్నదే: వాళ్ళ అమ్మ కూలి డబ్బులతో సంతలో తెచ్చే సంచి ఏడాదికేడాది ఎట్లా తేలికవుతున్నదో ఒక వనపర్తి యువకుడు చెప్పాడు. ఆ వివరణ ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. అతను పరీక్షలో రాసిందీ అది కాదు.

ఫోనులు ఇప్పుడు వీళ్ళందరి చేతుల్లోనూ ఉన్నాయి. ప్రశ్న పంపడానికి ఇంతటి సులువైన దారి 1982లో రామిరెడ్డి గారికి లేదు. ఒక పాఠం ఏ వాక్యం దగ్గర ఎంతమంది ఆగిపోయారో ఈ వేళ వారంలో తెలుసుకోవచ్చు, ఆరునెలల్లో ఆ పాఠం తిరగరాయవచ్చు. ఆ పని చేసే అధ్యాపకుడికి వారానికి కొన్ని గంటలు తరగతి భారం తగ్గించాలి, తిరగరాసిన పాఠానికి పరిశోధనా వ్యాసానికిచ్చే గౌరవమివ్వాలి. ఏ ప్రణాళికలోనైనా ఈ రెండు పద్దులూ ఉన్నాయా అని చూడండి. లేకపోతే ఆ ప్రణాళిక యంత్రాలమ్మేవాడి కోసం తయారయింది.

ప్రభుత్వం చేసేవరకు ఆగవలసిన పని లేదు. మన సంఘంలో అధ్యాపకులున్నారు, కథకులున్నారు, కవులున్నారు. ఒక పుస్తకం తీసుకుందాం. అర్థశాస్త్రమే కానీయండి, మొదటి సంవత్సరందే కానీయండి. ఒక ఆదివారం బాగ్‌లింగంపల్లిలోనో చిక్కడపల్లిలోనో పదిమంది విద్యార్థులతో కలిసి ఒక్క పాఠం పైకి చదువుదాం. వాళ్ళు "అంటే?" అన్న ప్రతిచోటా గీత గీద్దాం. గీతలు పడిన వాక్యాలను అర్థశాస్త్రం తెలిసినవాడూ కథ రాయడం తెలిసినవాడూ పక్కపక్కన కూర్చుని తిరగరాయాలి. తిరగరాసినదాన్ని మరుసటి ఆదివారం అదే విద్యార్థుల చేత మళ్ళీ చదివించాలి. నా దగ్గరున్న కోఠి పుస్తకం ఇవ్వడానికి నేను సిద్ధం. మొదటి గీత అందులో ఎవరో ఇదివరకే గీసి పెట్టారు.